బల్ల ఎక్కకముందే మొదలయ్యే వైద్యం

పశువుల ఆసుపత్రిలో పరీక్ష అయిపోయి చిన్నకుక్కను చేతుల్లోకి తీసుకున్నాక ఆ స్టీలు బల్ల వైపు ఒకసారి చూడండి. నాలుగు పాదాల తడి అచ్చులు కనబడతాయి. అది చెమట. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింది మెత్తల్లో మాత్రం స్వేదగ్రంథులు ఉంటాయి, భయపడితే అవి చెమరుస్తాయి. ఆ తడి అచ్చులు పడుతున్న సమయానికే దాని ఒంట్లో ఇంకా చాలా జరిగిపోయి ఉంటుంది. అడ్రినలిన్ రక్తంలోకి దిగి గుండె వేగం పుంజుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, కనుపాపలు విచ్చుకుంటాయి. చిగుళ్లలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుని గులాబీ రంగు పాలిపోతుంది. పెనుగులాటలో ఒంటి వేడి కూడా పైకి పోతుంది. ఇంట్లో కుంటుతూ తిరిగిన కుక్క ఆసుపత్రిలో ఆ కాలిని శుభ్రంగా నేలకు ఆనించి నిలబడుతుంది, నొప్పిని భయం కప్పేస్తుంది కాబట్టి.

డాక్టరు చూసి జబ్బు పట్టుకోవాల్సినవి సరిగ్గా ఇవే. గుండె వేగం, ఊపిరి, చిగుళ్ల రంగు, ఒంటి వేడి, నడక. భయం వీటన్నిటినీ ఒకేసారి తారుమారు చేస్తుంది. కుక్కల రక్తపోటు, నాడి వేగం ఇంటి దగ్గర ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి కొలిచి పోల్చిన పరిశోధనల్లో ఆసుపత్రి అంకెలు ఎక్కువగా వచ్చాయి. అందుకే ఆసుపత్రికి వెళ్లే ముందు ఇంట్లో చేసే తయారీని ముద్దుకో, మురిపానికో చేసే పనిగా నేను చూడను. అది వైద్యంలో భాగం. కుక్క నెమ్మదిగా ఉంటే డాక్టరు చేతికి నిజమైన అంకెలు దొరుకుతాయి. అది బెదిరిపోయినా, ఇంట్లో నెమ్మదిగా ఉన్నప్పటి అంకెలు మనం ఒక పుస్తకంలో రాసిపెట్టి ఉంటే పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది.

పులికాట్ సరస్సు ఒడ్డున ఉండేవాళ్లకు ఈ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం వైపు పశువుల ఆసుపత్రులు ప్రధానంగా గేదెలకు, ఆవులకు, మేకలకు, గొర్రెలకు పనిచేస్తాయి. 2022లో మొదలైన, 1962 ఫోను నంబరుతో పిలిచే సంచార పశువైద్య వాహనాలూ ముందుగా పాడిపశువుల కోసం వచ్చినవే. కుక్కకు స్కానింగో, ఎక్స్‌రేనో, పెద్ద ఆపరేషనో కావాలంటే రెండు దారులు. ఒకటి నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి. అక్కడి పశువైద్య కళాశాల 1955 నాటిది, 2005లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో ఇప్పుడది భాగం. రెండోది చెన్నై, 1903లో మొదలైన వేపేరి పశువైద్య కళాశాల. తడ వాళ్లకు ఇదే దగ్గర. ఇరకం దీవిలో ఉండేవాళ్లయితే ముందు పడవ ఎక్కాలి. ఇంత దూరం పోయి, బల్ల మీద కుక్క ముట్టుకోనివ్వక, సగం పరీక్షతో తిరిగిరావడమంటే డబ్బూ, ఒక రోజూ పోవడమే కాదు, జబ్బుకు ఇంకో వారం గడువిచ్చినట్టు.

మన ఊళ్లలో చిన్నకుక్క అనగానే ముందుగా గుర్తొచ్చేది తెల్లటి బొచ్చుతో ఉండే పమేరియన్. నిజానికి అలా పిలుచుకునే వాటిలో ఎక్కువ ఇండియన్ స్పిట్జ్ జాతివి. తెలుగులో ‘ప్రేమాలయం’గా వచ్చిన 1994 నాటి హిందీ సినిమాలో టఫీ అనే కుక్క కూడా ఆ జాతిదే. ఆ తర్వాత 2003 నాటి సెల్‌ఫోన్ ప్రకటనతో పగ్ ఇంటింటికీ వచ్చింది. చేతిలో ఇమిడిపోతాయి కాబట్టి వీటికి శిక్షణ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. కోపమొస్తే ఎత్తి పట్టుకుంటే సరిపోతుంది కదా అని. నా ఉద్దేశంలో చిన్నకుక్కలకు జరుగుతున్న పెద్ద అన్యాయం ఇదే. పెద్దకుక్క గుర్రుమంటే మనుషులు ఆగుతారు. నాలుగు కిలోల కుక్క గుర్రుమంటే నవ్వి, మెడ పట్టుకుని పని కానిచ్చేస్తారు. చెప్పినా వినరని దానికి తెలిసిపోయాక గుర్రుమనడం మానేసి సూటిగా కరుస్తుంది. పైగా వైద్యం అవసరం చిన్నజాతులకే ఎక్కువ. ఇరుకు దవడలో పళ్లు కిక్కిరిసి గార పట్టి చిగుళ్లు త్వరగా పాడవుతాయి. మోకాలి చిప్ప పక్కకు జారుతుంది. గాలిగొట్టం మెత్తబడి, మెడపట్టీ లాగినప్పుడల్లా పొడి దగ్గు వస్తుంది. వీటికి మెడపట్టీ బదులు ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వాడటం మంచిది. వయసు మీద పడ్డాక గుండె కవాటం లీకయ్యే జబ్బు కూడా వీటిలోనే ఎక్కువ.

భయం ఎక్కడి నుంచి వస్తుంది? రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ జీర్ణక్రియ మీద పరిశోధన చేసి 1904లో నోబెల్ అందుకున్నారు. ఆ పరిశోధనలోనే ఆయన ఒక సంగతి గమనించారు. తిండి నోట్లో పడకముందే, తిండి తెచ్చే మనిషిని చూడగానే కుక్కలకు లాలాజలం ఊరుతోంది. ముందు వచ్చేది వెనక రాబోయేదానికి గుర్తుగా మారుతుందన్నమాట. ఆసుపత్రిలో జరిగేదీ ఇదే, తిరగబడిన రూపంలో. ఫినాయిలు వాసన, పశువులను కదలకుండా నిలబెట్టే ట్రావిస్ చట్రంలో కట్టేసిన గేదె అరుపు, జారే చల్లటి బల్ల, ఆ వెంటనే సూది. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి గేటు దగ్గరే కుక్క వణుకుతుంది. కొన్ని ఆటో ఎక్కగానే మొదలుపెడతాయి.

నేర్చుకున్న భయాన్ని మళ్లీ నేర్పి పోగొట్టవచ్చని అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లో చూపించారు. పీటర్ అనే చిన్నపిల్లాడికి కుందేలంటే హడల్. వాడు ఇష్టంగా తింటున్న సమయంలో కుందేలును బోనులో పెట్టి గదిలో దూరంగా ఉంచారు. వాడు కలత పడనంత దూరం నుంచి మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ దగ్గరకు జరిపారు. చివరికి పీటర్ ఆ కుందేలును నిమిరాడు. ఇందులో రెండు సూత్రాలు కలిసి పనిచేశాయి. భయపెట్టే వస్తువును భయం పుట్టనంత చిన్న మోతాదులో చూపించడం ఒకటి, దాన్ని ఇష్టమైన తిండితో ముడిపెట్టడం రెండోది. ఇవాళ కుక్కల భయం పోగొట్టే శిక్షణ ఈ రెండిటి మీదే నడుస్తుంది. మోతాదు పెరిగిపోతే తిండి పెట్టినా పనిచేయదు. బాగా బెదిరిన కుక్క ఇష్టమైన ముక్కను కూడా ముట్టదు. ముట్టడం లేదంటే మనం తొందరపడ్డామని అర్థం.

చెవి చూపించుకోవడం ఎలా నేర్పాలో చూద్దాం. సాయంత్రం పూట, కుక్క కాస్త ఆకలి మీద ఉన్నప్పుడు, నేల మీద చాప పరిచి పక్కన కూర్చోండి. ఉప్పు వేయకుండా ఉడికించిన కోడి మాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసి మూతగిన్నెలో పెట్టుకోండి. పులికాట్ రొయ్యలైనా సరే, పొట్టు తీసి ఉప్పు లేకుండా ఉడికిస్తే బాగా తింటుంది. ఎండుచేప వద్దు, అందులో ఉప్పెక్కువ. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. ఇప్పుడు మామూలు గొంతుతో ‘చెవి’ అనండి. ఒక్క క్షణం ఆగి, చెవి మొదట్లో ఒక వేలు ఆనించి తీసేయండి. ఆ తర్వాతే గిన్నె మూత తీసి ముక్క పెట్టండి. ఈ వరస తప్పకూడదు. ముందు ముక్క చూపించి, అది తింటుండగా చెవి పట్టుకుంటే, తిండి కనబడినప్పుడల్లా ఏదో జరగబోతోందని కుక్క అనుమానిస్తుంది. మాట, స్పర్శ, ముక్క అదే వరసలో నాలుగైదుసార్లు జరిగితే ఆ పూటకు చాలు. రెండు మూడు నిమిషాలకు మించి పని లేదు.

‘చెవి’ అనగానే కుక్క తల తిప్పి గిన్నె వైపు ఆశగా చూడటం మొదలయ్యాక మరో మెట్టు ఎక్కవచ్చు. చెవి డొప్పను ఎత్తి దించడం. తర్వాత ఎత్తి లోపలికి చూసినంతసేపు ఉంచడం, ముక్కు దగ్గరపెట్టి వాసన చూడటం. ఆ తర్వాత పొడి దూది తాకించడం. చివర్లో చుక్కల మందు సీసా మూతి ఆనించడం, అదీ అరచేతుల్లో కాసేపు వెచ్చబెట్టిన సీసా. ఏ మెట్టు దగ్గరైనా కుక్క తల లాక్కున్నా, పెదాలు నాక్కున్నా, నిద్ర రాకపోయినా ఆవలించినా, కళ్ల తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసినా అది వద్దంటోందని తెలుసుకుని ఒక మెట్టు దిగాలి. లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వాలి. వద్దంటే ఆపుతారన్న నమ్మకం కుదిరిన కుక్కే తర్వాత ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. డాల్ఫిన్‌లకు శిక్షణ ఇచ్చేవాళ్లు ఇదే పద్ధతిలో వాటంతట అవే తోక అందించి రక్తం తీయించుకునేలా నేర్పుతారు. అంత పెద్ద జంతువును పట్టి ఉంచడం కుదరదు కాబట్టి వాళ్లు ఒప్పించడం నేర్చుకున్నారు. కుక్క చిన్నది కావడం వల్లే మనకు ఆ అవసరం తోచలేదు.

పాదాలు, నోరు, తోక కింద, పొట్ట, అన్నీ ఇదే వరసలో నేర్పవచ్చు. సూదికి తయారీగా మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదలడం, ముందుకాలి మీద వెంట్రుకలను దూదితో తడిపి ఆరనివ్వడం అలవాటు చేయండి. పళ్లకు మెత్తటి గుడ్డ చుట్టిన వేలుతో మొదలుపెట్టండి. మనుషుల టూత్‌పేస్టు మాత్రం వాడకండి, అందులోని ఫ్లోరైడు కుక్క కడుపులోకి పోతుంది. కొన్ని పేస్టుల్లో వేసే జైలిటాల్ అనే తీపి పదార్థం వాటి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక ఇంట్లో కొలవాల్సినవి. బరువుతో మొదలుపెడదాం, ఎందుకంటే చిన్నకుక్కలో జబ్బు ముందుగా అక్కడే తెలుస్తుంది. నాలుగు కిలోల కుక్క నాలుగు వందల గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు. అరవై కిలోల మనిషి ఆరు కిలోలు చిక్కినట్టు లెక్క. బొచ్చు కింద ఆ తేడా కంటికి ఆనదు. బరువు చూసే మిషన్ మీద కుక్కతో ఒకసారి, కుక్క లేకుండా ఒకసారి నిలబడి తీసివేయండి. కిరాణా కొట్టులో గ్రాముల్లో చూపే కాటా మీద బుట్టలో కూర్చోబెట్టనిస్తే ఇంకా మేలు.

నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టాలి. ఛాతీ పైకి లేచి దిగితే ఒకటి. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. గాఢనిద్రలో నిమిషానికి ముప్పైకి లోపే ఉండాలి. వయసైన పమేరియన్‌లో ఈ అంకె రోజురోజుకూ పెరిగి ముప్పై దాటిపోతుంటే గుండె జబ్బుతో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో చూపించుకోవాలి. కుక్క దగ్గకముందే, ఆయాసపడకముందే ఈ లెక్క ఆ కబురు అందించగలదు. ఆసుపత్రిలో కుక్క నిద్రపోదు కాబట్టి ఏ డాక్టరుకూ ఈ అంకె దొరకదు, ఇంట్లోవాళ్లు తెచ్చివ్వాల్సిందే. నాడి తొడ లోపలి వైపు దొరుకుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగింతలు చేస్తే, నిమ్మళంగా ఉన్న చిన్నకుక్కలో సాధారణంగా 100 నుంచి 140 మధ్య ఉంటుంది.

ఒంటి వేడి దగ్గర మనవాళ్లు తరచూ పొరపడతారు. కుక్కకు మామూలు వేడే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకు జ్వరమనిపించే 101.5 దానికి ఆరోగ్యం. ఒళ్లు కాలుతోందని మన చేతికి తోచి, ఇంట్లో ఉన్న పారాసెటమాలో, ఐబుప్రోఫెనో వేస్తే కాలేయమో కిడ్నీలో దెబ్బతింటాయి. చేత్తో చూసి జ్వరం తేల్చకండి. మొన మెత్తగా వంగే డిజిటల్ థర్మామీటరు ఒకటి కుక్కకంటూ విడిగా పెట్టుకుని, మొనకు కాస్త వాసలీన్ రాసి, మలద్వారంలో సుమారు రెండు సెంటీమీటర్లు మాత్రమే పోనివ్వాలి. దీన్నీ పైన చెప్పిన మెట్లలోనే నేర్పాలి. మొదటివారం థర్మామీటరు చూపించడం, తోక ఎత్తడం వరకే. 103 దాటితే డాక్టరుకు చెప్పండి, 104 దాటితే అసలు ఆగకండి.

చిగుళ్లను వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగులోకి రావాలి. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కల్లో కింది కనురెప్ప లోపలి రంగు చూడండి. ఈ పరీక్ష మన ప్రాంతంలో ఎందుకు ముఖ్యమంటే, పిడుదులు. గోమార్లని కూడా అంటారు. మన ఇళ్లలో కనిపించే గోధుమరంగు పిడుదు చాలా కాలం కుక్క ఒంటి మీద ఉండదు. రక్తం తాగి దిగిపోయి గోడ పగుళ్లలో, గడప సందుల్లో దాక్కుంటుంది. ఒక్కో ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే మళ్లీ ఎక్కడానికి కారణం ఇదే. ఎర్లికియా, బబేసియా అనే జబ్బు క్రిములను ఇది మోసుకొస్తుంది. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు, ముక్కులోంచి రక్తం, కాఫీ రంగు మూత్రం, ఇందులో ఏది కనబడినా ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. సమయానికి పట్టుకుంటే ఎక్కువ కుక్కలు కోలుకుంటాయి.

పిడుదుల కోసం చూడాల్సిన చోట్లు చెవి మడతలు, వేళ్ల సందులు, మెడపట్టీ కింద, చంకలు, తోక మొదలు. చెవి చూపించుకోవడం నేర్చిన కుక్కలో ఈ వెతుకులాట అయిదు నిమిషాల్లో అయిపోతుంది, నేర్వని కుక్కలో అసలు మొదలే కాదు. పిడుదు దొరికితే చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, బీడీతో కాల్చడం వద్దు. గోరుతో నలపకుండా స్పిరిట్‌లో వేయండి.

చిక్కం గురించి కూడా చెప్పాలి. మూతికి చిక్కం వేయడం శిక్షగా చాలామంది చూస్తారు. విరిగిన కాలు పట్టుకుంటే ఎంత మంచి కుక్కయినా కరుస్తుంది. చిక్కం ముందే అలవాటైతే ఆ రోజు అది కొత్త భయం కాదు. నోరు తెరిచి రొప్పడానికి వీలుండే బుట్టలాంటిది కొనండి. లోపల అడుగున ముక్క పెట్టి, మూతి అదే దూర్చుకునేలా వారంపాటు అలవాటు చేసి, పట్టీ తర్వాత బిగించండి. గుడ్డతో మూతి కట్టేయడం మాత్రం మన వాతావరణంలో ప్రమాదం. కుక్క ఒంటి వేడిని దించుకునేది రొప్పుతూ నాలుక మీది తడిని ఆవిరి చేయడం ద్వారా. సరస్సు పక్కన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ ఆవిరి అసలే నెమ్మదిగా జరుగుతుంది, నోరు కూడా మూసేస్తే వేడి పోయే దారే లేదు. ముక్కు అణిగిన పగ్‌లకు మరీ కష్టం. వేసవిలో ప్రయాణం తెల్లవారుజామునే పెట్టుకోండి.

ఈ ప్రాంతానికే ఉన్న ఒక ఇబ్బంది రాకెట్ల చప్పుడు. శ్రీహరికోటలో రాకెట్ లేచిన వెలుగు సూళ్లూరుపేట మిద్దెల మీదికి వెంటనే కనబడుతుంది, ధ్వని మాత్రం నిమిషం దాటాకే చేరుతుంది. కిటికీ రెక్కలు అదిరే ఆ గర్జనకు కుక్కలు మంచాల కిందికి దూరతాయి. బాగా భయపడిన కుక్క ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు చప్పుడుతోనే పోవు, కొన్ని గంటలు పడుతుంది. అందుకని ప్రయోగం ఉన్న పూట కొత్త పాఠాలు, ఆసుపత్రి ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది. ప్రయోగ సమయం ముందే ప్రకటిస్తారు, మనకది ఒక సౌలభ్యం. మిగతా రోజుల్లో రికార్డు చేసిన ప్రయోగ ధ్వనిని ఫోనులో సన్నగా పెట్టి, ముక్కలు పెడుతూ, రోజుకు కొంచెం కొంచెం పెంచవచ్చు.

కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లకు కాలం తక్కువ. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి పరిశీలించి 1965లో పుస్తకం ప్రచురించారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనసు కొత్తవాటిని తేలిగ్గా తనలో కలుపుకుంటుందని, ఆ తర్వాత కొత్తదంటే జంకు మొదలవుతుందని వాళ్ల పరిశోధన చెప్పింది. ఆరో వారం నుంచి ఎనిమిదో వారం లోపు మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకోసారి మరికొన్ని, మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటా ఒకటి. అంటే జీవితాంతం గుర్తుండే మొదటి సూదులు ఆ మెత్తటి వయసులోనే పడతాయి. సూది లేకుండా కూడా ఒకటి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లండి. బరువు చూసుకుని, కాంపౌండరు చేత రెండు ముక్కలు తినిపించి వచ్చేయండి. టీకాలు పూర్తికాని పిల్లను అక్కడ నేల మీద దించకండి, పార్వో వైరస్ ఆ నేల మీద చాలాకాలం బతికి ఉంటుంది.

ప్రయాణానికి వాడే బుట్ట గానీ, పెట్టె గానీ ఆ రోజే అటక మీంచి దించితే కుక్కకు అదే మొదటి హెచ్చరిక. తలుపు తీసి ఇంట్లో ఒక మూల ఎప్పుడూ ఉంచండి, అందులోనే పడుకోవడం అలవాటైతే సగం పని అయినట్టే. శిక్షణ ఇచ్చిన చాపనో, రబ్బరు మ్యాట్‌నో వెంట తీసుకెళ్లి స్టీలు బల్ల మీద పరవండి. కాళ్లు జారవు, ఇంటి వాసన ఉంటుంది, దాని మీద నిలబడితే ముక్క వస్తుందని కుక్కకు తెలుసు. మన వంతు వచ్చేదాకా గేదెల మధ్య కాకుండా బయట చెట్టు కింద ఆగండి. ఒళ్లో కూర్చోబెట్టుకునో, నేల మీదో చూడమని డాక్టరును అడగడంలో తప్పులేదు. ఇంట్లో రాసిన అంకెలు, కుంటుతున్నప్పుడో దగ్గుతున్నప్పుడో ఫోనులో తీసిన వీడియో ముందే చూపించండి. బల్ల మీద కనబడకుండా పోయే నడక అందులో ఉంటుంది.

ఇప్పటికే భయం ముదిరిన కుక్క ఉన్నవాళ్లు వారాల లెక్కన కాకుండా నెలల లెక్కన ఆలోచించాలి. అత్యవసరం కాని పని, అంటే గోళ్లు తీయడం, గార తీయించడం లాంటివి, ఆ రోజు అది వణికిపోతుంటే ఆపి ఇంకోరోజుకు వాయిదా అడగండి. ప్రయాణానికి ముందు ఇచ్చే భయం తగ్గించే మందులు ఉన్నాయి, కుక్క బరువు, గుండె స్థితి చూసి డాక్టరు రాసిస్తే వాడవచ్చు, సొంతంగా మాత్రం ఇవ్వకూడదు. కుక్క కరిస్తే, ఇంటి కుక్కయినా, టీకాలు వేయించినదైనా, గాయాన్ని పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడిగి మనుషుల ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లల చేత ఈ పరీక్షలు చేయించకండి. పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టి పుస్తకంలో రాసే పని వాళ్లకు ఇవ్వవచ్చు, ఆ పని వాళ్లు శ్రద్ధగా చేస్తారు.